ఫ్లష్ నొక్కండి, నదిని బతికించండి

నీరు పల్లమెరుగు అన్న సామెత బెంగళూరులో చెల్లదు. ఇక్కడ కావేరి ఎత్తుకే ఎక్కుతుంది. తొరెకాడనహళ్లి, హారోహళ్లి, తాతగుణి పంపుహౌసుల మీదుగా సుమారు 100 కిలోమీటర్లు నడిచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తు ఎక్కి, మారతహళ్లిలో మన తెలుగువాడి గీజరులోకి చేరుతుంది. 1902లో ఇదే నది శివనసముద్రం దగ్గర కిందికి దూకి కోలారు బంగారు గనులకి కరెంటు ఇచ్చింది. 1905లో బెంగళూరు వీధి దీపాలు వెలిగిందీ ఆ కరెంటుతోనే. ఇప్పుడు మనం కరెంటు ఖర్చు పెట్టి నదిని పైకి లాక్కుంటున్నాం. తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తున్నామన్నమాట. బాకీ ఎగ్గొట్టే జాతి కాదు మనది.

అయినా కొందరు పర్యావరణవాదులు ఈ ఊరు నదుల్ని చంపేసిందని నింద వేస్తారు. వాళ్లని ఒకసారి మైసూరు రోడ్డు పక్కన నిలబెట్టాలి, ముక్కు మూసుకోనివ్వకుండా. బసవనగుడి నంది పాదాల దగ్గర పుట్టిందని చెప్పుకునే వృషభావతి ఒకప్పుడు చిన్న ఏరు. ఇవాళ జీవనది. మే నెలలో మన పెన్న ఇసుక తేలి పడుంటే, వృషభావతి నురగలు కక్కుతూ పరవళ్లు తొక్కుతుంటుంది. ఏ పథకం సాధించింది దీన్ని? లక్షల ఇళ్లలో పొద్దున్నే నిద్రకళ్లతో ఫ్లష్ నొక్కిన సామాన్యులు సాధించారు. బెళ్లందూరు చెరువైతే ఇంకో మెట్టు పైన ఉంది. 2015లో నీళ్ల మీదే మంట లేచింది. ఆనకట్ట లేదు, టర్బైను లేదు, ముంపు అసలే లేదు. నీటి నుంచి శక్తి తీయడానికి ఇంత దగ్గరి దారి ఏ ఇంజనీరుకీ తట్టలేదు.

ఇక మేకెదాటు, కావేరి మీద కర్ణాటక కట్టాలనుకుంటున్న ఆనకట్ట. 67 టీఎంసీల జలాశయం, 400 మెగావాట్ల కరెంటు, బెంగళూరుకి తాగునీరు. దాదాపు 5,000 హెక్టార్లు మునుగుతాయి, అందులో ఎక్కువ భాగం కావేరి వన్యప్రాణి అభయారణ్యం. తమిళనాడు ఒప్పుకోవడం లేదు. ఏనుగుల్ని ఎవరూ అడగలేదు. నాకు నచ్చింది మాత్రం ఈ ప్రాజెక్టు పెట్టే చోటు. వృషభావతి వెళ్లి అర్కావతిలో కలుస్తుంది, అర్కావతి సంగమ దగ్గర కావేరిలో కలుస్తుంది, ఆనకట్ట ఆ సంగమానికి కాస్త దిగువన వస్తుంది. అంటే మనం వదిలిందే మళ్లీ మన ట్యాంకులోకి. రీసైక్లింగ్ అని సెమినార్లు పెట్టేవాళ్లు ఇంత నిజాయితీగా ఎప్పుడైనా చేశారా?

వీకెండ్ పార్టీల్లో మనవాళ్లు దీని గురించి మాట్లాడరు. కర్నూలాయన శ్రీశైలంలో నీటిమట్టం 854 అడుగులు ఉండాల్సిందే అంటాడు, నల్గొండాయన ముందు కరెంటు తియ్యాలంటాడు, బిర్యానీ చల్లారిపోతుంది. ఇద్దరి అపార్టుమెంటు పక్కనా ఒక రాజకాలువ, అంటే వాన నీళ్లకని తవ్విన పెద్ద కాలువ, పారుతోంది. దాని పేరు ఇద్దరికీ తెలియదు.

డ్యాములు వద్దు, సోలార్ చాలు అనేవాళ్లకీ నా దగ్గర జవాబుంది. కర్ణాటకలోనే అయినా తెలుగు గలగలలాడే పావగడ తాలూకాలో 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. మొదట్లో ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలు. భూమి ఉన్నవాడికి కౌలొస్తుంది. ఆ భూమిలో కూలికెళ్లినవాడు? సూర్యుడు అందరివాడే కదా, ఎండలో నిలబడమనండి. రాత్రి కరెంటు కావాలంటే శరావతి లోయలో 2,000 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజీ కడతారట. పగలు నీళ్లు పైకి తోడి, పీక్ టైములో కిందికి వదలడం. అక్కడి అడవిలో సింగళీకాలున్నాయి, అదే సింహం తోక కోతులు, పాపం వాటికి ఓటు లేదు.

ఆ యంత్రాంగం మన ప్రతి అపార్టుమెంటులోనూ ఉందని గుర్తించకపోవడమే విచిత్రం. సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకి నీళ్లు ఎక్కిస్తాం, పొద్దున 7 గంటలకి అందరం ఒకేసారి కిందికి వదులుతాం. డ్రైనేజీ గొట్టంలో ఒక టర్బైను బిగిస్తే చాలు, లిఫ్టులో కనీసం ఫ్యానైనా తిరుగుతుంది. అసోసియేషన్‌లో ఈ ప్రతిపాదన పెడితే అందరూ చప్పట్లు కొట్టారు. ఒకే ఒక్క షరతు: టర్బైను పక్క బ్లాకులో పెట్టాలి. వృషభావతి నీళ్లు చేరే బైరమంగళ చెరువు కింద ఈ మురుగుతోనే పైరు పెట్టుకునే రైతుల్ని కూడా ఒక మాట అడుగుదామా అని ఎవరో అన్నారు. అడగలేకపోయాం. వాళ్లు మన వాట్సాప్ గ్రూపులో లేరు.