ఎస్‌వీసీహోస్ట్ కనపడగానే డిలీట్ కొట్టేయకండి
టాస్క్ మేనేజర్‌లో (నడుస్తున్న ప్రోగ్రాములను చూపే విండోస్ జాబితా) ఎస్‌వీసీహోస్ట్ (svchost.exe అనే విండోస్ ఫైల్) చాలాసార్లు కనపడితే వైరసే అని ఎవరో ఓ పోస్టులో రాశారు, అది తప్పండీ, చాలా విండోస్ సర్వీసులు (తెరవెనుక నడిచే పనులు) దాని కిందే నడుస్తాయి కాబట్టి నా ల్యాప్‌టాప్‌లో ఇప్పుడే 60 పైన ఉన్నాయి. అసలు చూడాల్సింది అది ఎక్కడుందో. రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ కొడితే మామూలుగా సీ డ్రైవ్‌లో విండోస్ లోపలి సిస్టమ్32 తెరుచుకోవాలి. మా బావగారి పీసీలో ఏమో టెంప్ ఫోల్డర్ తెరుచుకుంది, పేరు పట్టి పట్టి చూస్తే వీ, సీ అక్షరాలు తారుమారు! వైరస్‌టోటల్‌లో (ఫైల్‌ని చాలా యాంటీవైరస్‌లతో పరీక్షించే సైట్) పెడితే సగం యాంటీవైరస్ ఇంజన్లు ఎర్రగా చూపించాయి (మీ సొంత డాక్యుమెంట్లు మాత్రం అందులో పెట్టకండి బాబూ, వేరేవాళ్ల చేతికీ వెళ్లొచ్చు). అన్నట్టు ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ (ఫైల్ ఎవరిదో చెప్పే సంతకం) ట్యాబ్ లేదని కంగారుపడొద్దు, కొన్ని అసలు విండోస్ ఫైళ్లకీ అది ఉండదు.