పైలట్ కావాలని ముచ్చటపడిన మా లాప్‌టాప్‌కి

చిరంజీవి లాప్‌టాప్‌కి,

మైపాడు దారిలో, మా రొయ్యల గుంట కట్ట మీద, కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. తలెత్తితే మన డ్రోన్ కనిపిస్తోంది. గెలల మధ్య, కాయలతో పాటు.

‘నేనుండగా రిమోట్‌కి డబ్బులు దండగ’ అన్నావు. నువ్వు అనలేదులే, నీ మొహం చూసి నేనే అనుకున్నా. ఆ డబ్బులు మిగల్చడానికి నీకూ డ్రోన్‌కీ మాటలు కలిపే టెలిమెట్రీ రేడియోల జత కొన్నాను, తర్వాత జాయ్‌స్టిక్ కొన్నాను, నీకు కొత్త బ్యాటరీ వేయించాను. మొత్తం ఎంతయిందని నాయన అడిగాడు. ఇంకా చెప్పలేదు.

జాయ్‌స్టిక్ దాకా ఎందుకు పోయానంటే, మొదట నీ బాణం మీటలతోనే నడపబోయాను గనక. మీటకి తెలిసింది రెండే, నొక్కడం, వదలడం. రిమోట్ మీది పుల్లని వేలితో ఇంత జరిపితే డ్రోన్ ఇంతే వంగుతుంది. చేపల పులుసులో ఉప్పు చిటికెలతో వేస్తారు నాయనా, నువ్వు డబ్బా బోర్లిస్తావు.

పైగా ఎండ. పదకొండు గంటలకి నీ తెరలో నా మొహం తప్ప ఏదీ కనపడలేదు. నిన్ను చూస్తే డ్రోన్ ఎటు పోతోందో తెలీదు, దాన్ని చూస్తే నువ్వేం చెబుతున్నావో తెలీదు. రిమోట్‌ని ఎవరూ చూడరు, వేళ్లకే తెలుస్తుంది. దానికి వేరే సంసారం కూడా లేదు. సెకనుకు పదుల సార్లు డ్రోన్‌తో మాట్లాడటమే దాని పని. నీకేమో మధ్యలో అప్‌డేట్లూ, యాంటీవైరస్‌తో మంతనాలూ.

శ్రీహరికోటలో రాకెట్లని పంపేది మా కంప్యూటర్ల వాళ్లే కదా అంటావు. 2022లో నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయినా అది ఇంకా మనదే అనుకుంటాం, నిజమే. కానీ అక్కడ మా అవ్వ ఉండదు.

ఆదివారం అవ్వ మజ్జిగ తెచ్చింది. నేను పైకి చూస్తూ జాయ్‌స్టిక్ తిప్పుతున్నా. “పాపం, ఎండకి మాడిపోతోందిరా ఇది” అని కొంగుతో నిన్ను తుడిచి, మూత వేసింది. నువ్వు హాయిగా నిద్రపోయావు. నీ పలకరింపు 5 సెకన్లు అందకపోతే ఇంటికొచ్చేయమని డ్రోన్‌కి నేనే చెప్పి పెట్టాను. డ్రోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆర్డుపైలట్, అది మాట తప్పదు. 15 మీటర్ల ఎత్తుకి లేచి, బయల్దేరిన చోటికి తిన్నగా వస్తుంది. వెళ్లేటప్పుడు చెట్ల వరస పక్కనించి తిప్పి తీసుకెళ్లింది నేను, తిన్నగా వచ్చింది అది. ఆ 15ని మార్చుకోవచ్చు, నేను మార్చలేదు. తాత నాటిన చెట్లు 15 దగ్గర ఆగలేదు.

“ఏందబ్బయా, కాయలు దించే మిషనా?” అంది అవ్వ, చల్లగా.

ఒక్క మాట నీ వైపు. మొన్న మ్యాప్ మీద చుక్కలు పెట్టి దారి గీసిస్తే, గుంట నాలుగు మూలలూ గీత తప్పకుండా తిరిగొచ్చింది. నిన్ను మెచ్చుకోబోతుంటే గుర్తొచ్చింది, ఆ దారి ముందే డ్రోన్ బుర్రలోకి ఎక్కించేశాం, ఎగిరింది అది సొంతంగానే. నువ్వు చేయి పెట్టని రోజే పని బాగా జరిగింది.

రెండు కిలోల లోపు డ్రోన్‌ని సరదాకి ఎగరేసేవాళ్లకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదని 2021 డ్రోన్ రూల్స్ చెబుతున్నాయి. రాసినవాళ్లు నిన్ను చూసి ఉండరు.

చెట్టెక్కే ఆయన వచ్చి చూసి వెళ్లాడు. కాయకింత అని ఆయన రేటు. డ్రోన్‌ని ఎన్ని కాయల కింద లెక్కేయాలో తేలక బేరం ఆగింది. రిమోట్ ఆర్డర్ పెట్టాను. నీలోనే పెట్టాను, ఏమనుకోకు.

ఇట్లు,
కట్ట మీద నీ యజమాని