పుల్లటి ఏల్, మూసేసిన కిచెన్
మామ్ టార్ కొండ ఎక్కి దిగి, కాళ్లు పీక్కుపోతుంటే, దారి పొడవునా వేడి వేడి పై (మాంసం కూరిన పేస్ట్రీ), గ్రేవీ, ఒక పింట్ (పెద్ద గ్లాసు) ఏల్ బీరు తలుచుకుంటూ ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌లో ఒక పల్లె పబ్బుకి చేరేసరికి టైమ్ 2:35. కిచెన్ 2:30కే క్లోజ్ అట! ఐదు నిమిషాలండీ. సూప్ కూడా లేదు, చిప్స్ ప్యాకెట్లే ఉన్నాయన్నారు. సరే, వంటవాళ్లకీ రెస్ట్ కావాలి, ఒప్పుకుంటాను.

కానీ ఆ ఏల్ సంగతి మాత్రం మింగుడు పడట్లేదు. హ్యాండ్ పంపుతో తీసే కాస్క్ ఏల్ (దీన్నే రియల్ ఏల్ అంటారు) పీపాలో కూడా ఇంకా పులుస్తూనే ఉంటుంది, ఒకసారి తెరిచాక గాలి తగులుతుంది కాబట్టి మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే పాడవుతుంది. నాకు పోసింది అచ్చం వెనిగర్. మార్చమంటే బార్‌లో పోసేవాడు "రియల్ ఏల్ ఇలాగే ఉంటుంది, మీకు అలవాటు లేదేమో" అన్నాడు. 11 ఏళ్లుగా ఈ దేశంలోనే తాగుతున్నవాణ్ణి! చల్లగా లేదని కాదు నా గొడవ, 11 నుంచి 13 డిగ్రీల్లో ఇవ్వాలని నాకూ తెలుసు. పాడైన పింట్ మార్చివ్వడం మంచి పబ్బుల్లో మామూలే. అంత ఖాళీగా ఉండే చోట ఆరు రకాల ఏల్‌కి ఆరు పంపులెందుకు, రెండే పెట్టి తాజాగా పోయొచ్చు కదా?