సి డ్రైవ్ మళ్లీ ఎర్రబడింది

పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిస్తే విండోస్ ఉండే సి డ్రైవ్ గీత మళ్లీ ఎర్రగా ఉంది, అంటే చోటు అయిపోవచ్చింది. మిగిలింది 900 ఎంబీ. పోయిన ఆదివారమే కదా, మధ్యాహ్నమంతా కూర్చుని 14 జీబీ ఖాళీ చేశాను!

కొన్నప్పుడు డబ్బా మీద 256 జీబీ అని రాశారు. తెర మీద కనిపించేది 238. కేబీ, ఎంబీ, జీబీ అని ఎక్కే ప్రతి మెట్టుకీ కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోసేమో 1024 చొప్పున. లెక్క తప్పు కాదు, సరే. ఆ మాట కొనేవాళ్లకి ముందే చెప్పాలి కదా?

అసలు బాధ అది కాదు. నేను పెట్టని ఫైళ్లు! పెద్ద అప్‌డేట్ వస్తే పాత విండోస్ మొత్తం ఒక ఫోల్డర్‌లో పది రోజుల దాకా ఉండిపోతుంది. మామూలుగా డిలీట్ కొడితే అనుమతి లేదంటుంది. విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్ అనే శుభ్రం చేసే ప్రోగ్రామ్‌లోకి వెళ్లి, సిస్టమ్ ఫైళ్ల బటన్ నొక్కి, అక్కడ టిక్ పెడితేనే కదులుతుంది. ఇది మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? హైబర్నేషన్ ఫైలు ఇంకొకటి, అంటే తెరిచి ఉన్న పనంతా డిస్క్‌లో దాచి ల్యాప్‌టాప్ ఆపేయడానికి వాడేది. జీబీలకు జీబీలు పట్టుకుని, పైకి కనబడకుండా దాక్కుంటుంది. నేను హైబర్నేట్ ఒక్కసారి కూడా వాడలేదు.

చోటు కోసం నాన్న షష్టిపూర్తి వీడియోలు తీసేయాలా వద్దా అని మొన్న అర్ధరాత్రి దాకా టెన్షన్ పడ్డాను. ఈ చెత్త మాత్రం నన్ను అడక్కుండానే వచ్చి కూర్చుంది.