వెస్ట్ బ్యాంక్ ఆంక్షలు: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి పాయింటు పాయింటుకీ జవాబు

మళ్ళీ అదే మెసేజ్. కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, విదేశాల్లో ఉన్న బంధువులూ పంపారు. పైన "ఇజ్రాయెల్ మీద ఆంక్షల డ్రామా: అసలు నిజాలు" అని శీర్షిక, దాని కింద ఏడు పాయింట్లు, చివర ఒక విరాళాల లింకు, "చదివి పదిమందికి పంపండి" అన్న ఆదేశం. పంపినవాళ్ళందరూ బాగా చదువుకున్నవాళ్ళే. ఆ ఏడింటిలో ఒక్కదాన్నైనా సరిచూసిన మనిషి మాత్రం కనబడలేదు. అందుకే జవాబంతా ఒకేచోట రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరు పంపినా ఇదే తిరిగి పంపుతాను.

"పాశ్చాత్య దేశాలన్నీ కలిసి ఇజ్రాయెల్ దేశం మీద ఆంక్షలు పెట్టాయి."

పెట్టలేదు. ఈ ఆంక్షలు ప్రధానంగా సెటిలర్ల హింస మీద పెట్టినవి. సెటిలర్లంటే, యుద్ధంలో ఇజ్రాయెల్ ఆధీనంలోకి వచ్చిన పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో సెటిల్‌మెంట్లు అనే కాలనీలు కట్టుకుని స్థిరపడిన ఇజ్రాయెలీలు. 2024 ఫిబ్రవరి 1న బైడెన్ 14115 నంబరు కార్యనిర్వాహక ఉత్తర్వు మీద సంతకం చేసినప్పుడు జాబితాకెక్కినవి నాలుగు పేర్లు. అదే నెల 12న బ్రిటన్ నలుగురిని చేర్చింది. మర్నాడు ఫ్రాన్స్ 28 మంది సెటిలర్లను తన గడ్డ మీద అడుగుపెట్టనివ్వనంది. ఏప్రిల్ 19న యూరోపియన్ యూనియన్ నలుగురు వ్యక్తుల్నీ రెండు సంస్థల్నీ జాబితాలో పెట్టింది. జులైలో జపాన్ నలుగురి ఆస్తులు స్తంభింపజేసింది. అన్నీ పేరుపేరునా పెట్టినవే: మనుషులు, సంస్థలు, కొండల మీద అనుమతి లేకుండా వేసిన అవుట్‌పోస్టులనే చిన్న స్థావరాలు. టెల్ అవీవ్‌లో సాఫ్ట్‌వేర్ రాసుకునేవాడికి గానీ హైఫా ఓడరేవుకు గానీ ఈ ఆంక్షలతో సంబంధం లేదు.

"ఆక్రమిత ప్రాంతం అనడమే తప్పు. అది వివాదాస్పద భూమి."

వెస్ట్ బ్యాంక్ యుద్ధంలో ఆక్రమించుకుని సైన్యం ఆధీనంలో ఉంచుకున్న ప్రాంతమని 2004లో బీట్ సూరిక్ అనే పాలస్తీనా గ్రామం దగ్గర ఇజ్రాయెల్ కట్టే గోడ మీద వచ్చిన కేసులో చెప్పింది ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే. వాళ్ళ కోర్టు ఒప్పుకున్నది మన గ్రూపు అడ్మిన్‌కి నచ్చకపోతే చేయగలిగింది లేదు.

"హైదరాబాద్‌లో బయటివాళ్ళు స్థలాలు కొనుక్కుని స్థిరపడలేదా? అక్కడా అంతే."

ఈ పోలిక తట్టినవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. గుంటూరు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో ఫ్లాట్ కొన్నవాడికీ, ఆ వీధిలో తాతల నాటి నుంచి ఉన్నవాడికీ ఒకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ఒకే పోలీస్ స్టేషన్, ఒకే కోర్టు, ఒకే ఓటు. వెస్ట్ బ్యాంక్‌లో ఒకే రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్ళు రాళ్ళు విసిరితే పాలస్తీనా కుర్రాణ్ణి సైనిక కోర్టుకు తీసుకెళ్తారు, సెటిలర్ కుర్రాణ్ణి ఇజ్రాయెల్ పౌర కోర్టుకు. ఆ సైనిక పాలనను నడిపే పార్లమెంటును ఎన్నుకునే హక్కు రెండోవాడి కుటుంబానికి ఉంది, మొదటివాడి కుటుంబానికి లేదు. ఆక్రమించిన దేశం తన జనాన్ని ఆక్రమిత భూమి మీదకు తరలించకూడదని నాలుగో జెనీవా ఒప్పందం 49వ అధికరణం చెబుతోంది. కూకట్‌పల్లికి ఇందులో ఏదీ వర్తించదు.

"దాడులు చేసేది కొద్దిమంది ఆకతాయి కుర్రాళ్ళు. ఇజ్రాయెల్ పోలీసులే చూసుకుంటారు. బయటి దేశాలకి ఏం పని?"

మెసేజ్ మొత్తంలో ఎక్కువ హాని చేసే వాక్యం ఇదే. మిగతావన్నీ తెలియక రాసినవి అనుకోవచ్చు. ఇది మాత్రం బాధితుడు ఎన్నడూ ఫిర్యాదు చేయనట్టూ, చేస్తే న్యాయం జరుగుతున్నట్టూ నమ్మిస్తుంది.

ముందు "ఆకతాయిల" సంగతి. గొర్రెల మందతో వేసే అవుట్‌పోస్టు ఎలా పనిచేస్తుందో చూడండి. కొండ మీద ఒక కారవాన్, జనరేటర్, నీళ్ళ ట్యాంకు, గొర్రెలూ మేకలూ, కొండల్లో తిరిగే నాలుగు చక్రాల మోటార్ బండి. మనుషులు గుప్పెడుమంది చాలు. మందను పాలస్తీనా పశుల కాపరుల మేతభూముల్లోకి తోలతారు. అడ్డొస్తే కొడతారు. నీళ్ళ గొట్టాలు కోస్తారు, ట్యాంకులు పగలగొడతారు, రాత్రిపూట గుడారాల మధ్యకి బండ్లు నడుపుతారు. మేత పోయాక కాపరి మేపు కొనాలి, నీళ్ళు ట్యాంకర్లో తెప్పించుకోవాలి. మంద మీద వచ్చే రాబడి ఆ ఖర్చుకు చాలదు. ఒక్క ఇల్లూ కూల్చకుండానే ఊరు ఖాళీ అయిపోతుంది. పది ఇళ్ళ కాలనీ కట్టి ఆక్రమించలేనంత భూమిని ఒక మంద ఆక్రమిస్తుంది. అందుకే ఈ పద్ధతి ఇంతగా పాకింది. ఇది అల్లరి కాదు, లెక్క ప్రకారం చేసే పని.

హెబ్రోన్‌కు దక్షిణాన ఖిర్బెత్ జనూతా అనే పాలస్తీనా పల్లె అలాగే ఖాళీ అయింది. 2023 అక్టోబర్ చివర్లో దాదాపు 250 మంది మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు తిరిగి రావచ్చని 2024 వేసవిలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టులో తేలింది. ఆగస్టులో వచ్చి చూస్తే బడి లేదు, ఇళ్ళకు పైకప్పులు లేవు, బెదిరింపులు మాత్రం ఉన్నాయి. కొన్ని వారాలకే మళ్ళీ వెళ్ళిపోయారు. సుప్రీంకోర్టు మాటే కాపాడలేని చోట, పోలీసులు చూసుకుంటారట.

ఇక పోలీసుల సంగతి. ఇజ్రాయెల్‌లోనే పనిచేసే యెష్ దిన్ అనే హక్కుల సంస్థ 2005 నుంచి ఈ కేసుల దస్త్రాలు ఒక్కొక్కటీ వెంబడిస్తోంది. 2023 దాకా చూస్తే, సెటిలర్ల హింస మీద పెట్టిన కేసుల్లో 94 శాతం దాకా అభియోగపత్రమే లేకుండా మూసేశారు. శిక్ష దాకా వెళ్ళినవి 3 శాతం. ఎందుకలా అంటే, ఫిర్యాదు ఇవ్వడానికి పాలస్తీనా మనిషి సెటిల్‌మెంట్ లోపలే ఉన్న పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాలి. లోపలికి వెళ్ళాలంటే గేటు దగ్గర అనుమతి కావాలి. ఆలస్యమైన కొద్దీ ఆధారాలు పోతాయి. చివరికి "నిందితుడు గుర్తుతెలియని వ్యక్తి" అని రాసి దస్త్రం మూసేస్తారు. దాడి జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడిన సైనికులు, సెటిలర్‌ను అరెస్టు చేయడం తమ పని కాదు పోలీసుల పని అంటారు. పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోతుంది. విచారణ లేకుండా సెటిలర్లను నిర్బంధించే అధికారం ఒకటి ఉండేది, దాన్నీ 2024 నవంబర్‌లో రక్షణ మంత్రి కాట్జ్ ఆపేశారు. పాలస్తీనా వాళ్ళ మీద అదే నిర్బంధం కొనసాగుతోంది.

ఆకతాయిలంటున్నారు కదా, 2024 ఆగస్టులో అమెరికా జాబితాకెక్కిన యిత్జాక్ లెవీ ఫిలాంట్ ఎవరో తెలుసుకోండి. యిట్‌జార్ సెటిల్‌మెంట్‌కు భద్రతా సమన్వయకర్త, అంటే బాధ్యత గల పదవిలో ఉన్న మనిషి. సాయుధుల్ని వెంటేసుకుని రోడ్లకు అడ్డంకులు పెట్టి పాలస్తీనా వాళ్ళను వాళ్ళ పొలాల నుంచే తరిమించాడన్నది అమెరికా విదేశాంగ శాఖ ఆరోపణ. స్థానిక చట్టం పనిచేసి ఉంటే ఈ ఆంక్షల అవసరమే వచ్చేది కాదు. ఇంతకంటే సూటిగా చెప్పలేను.

"వాళ్ళకి అమెరికాలో ఖాతాలే లేవు. ఆంక్షలు కాగితం పులి."

ఇది అడగవలసిన ప్రశ్నే, జవాబు బ్యాంకులో ఉంది. పేరు జాబితాకెక్కగానే బ్యాంకుల తనిఖీ సాఫ్ట్‌వేర్‌లోకి పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు సంఖ్య చేరతాయి. పోలిక దొరికితే ఖాతా ఆగిపోతుంది. అమెరికా బ్యాంకైతే పది పనిదినాల్లో ట్రెజరీకి, అంటే అమెరికా ఆర్థిక శాఖకు, నివేదిక పంపాలి. ఇజ్రాయెల్ బ్యాంకు అమెరికా చట్టం కింద లేకపోయినా, డాలర్ చెల్లింపులు పూర్తి కావాలంటే దానికి న్యూయార్క్‌లో ఒక కరస్పాండెంట్ ఖాతా, అంటే అక్కడి బ్యాంకులో తన పేరు మీద ఒక ఖాతా, కావాలి. జాబితాలో ఉన్నవాడికి గణనీయమైన సాయం చేసిన సంస్థను కూడా జాబితాలో పెట్టవచ్చని ఆ బైడెన్ ఉత్తర్వులోనే ఉండేది. ఒక్క ఖాతాదారు కోసం తన డాలర్ వ్యాపారమంతా పణంగా పెట్టే బ్యాంకు ఉండదు. అందుకే జనూతా పక్కన మెయితారిమ్ ఫామ్ అనే అవుట్‌పోస్టు నడిపిన యినోన్ లెవీ ఖాతాను ఆపింది అమెరికా బ్యాంకు కాదు, అతని సొంత దేశపు బ్యాంకు. ఆర్థిక మంత్రి స్మోట్రిచ్ మండిపడినా వెంటనే తెరవలేదు. తిండికీ నిత్యావసరాలకీ వాడుకోనివ్వవచ్చని అమెరికా ట్రెజరీ ఉత్తరం రాశాకే, 2024 మార్చిలో ఆ మేరకు సడలించారు. కాగితం పులికి ఇంత కంగారు పడరు.

అయితే కన్నాలూ ఉన్నాయి. హీబ్రూ పేరును ఆంగ్ల లిపిలోకి మార్చేటప్పుడు స్పెల్లింగ్ మారుతుంది. అదే లెవీ ఇంటిపేరు అమెరికా జాబితాలో ఒకలా ఉండేది, బ్రిటన్ జాబితాలో ఇంకోలా ఉంది. ఖాతా ఆగిన మనిషి కోసం వేరే సంస్థ పేరు మీద ఆన్‌లైన్‌లో చందాలు పోగవుతాయి. మౌంట్ హెబ్రోన్ ఫండ్ లెవీ కోసం 1,40,000 డాలర్లకు సమానమైన మొత్తం, ష్లోమ్ అసిరేఖ్ అనే సంస్థ మరో నిందితుడి కోసం 31,000 డాలర్లు పోగుచేశాయి. 2024 ఏప్రిల్‌లో ఆ రెండు సంస్థల్నీ జాబితాలో పెట్టారు. ఒక కన్నం మూస్తే పక్కన ఇంకోటి తెరుచుకుంటుంది.

"పాలస్తీనా వాళ్ళ మీద ఒక్క ఆంక్షా లేదు."

హమాస్ 1997 నుంచీ అమెరికా ఉగ్రవాద జాబితాలో ఉంది. పైగా బైడెన్ ఉత్తర్వు జాతిని బట్టి రాసింది కాదు. అదే ఉత్తర్వు కింద 2024 జూన్‌లో నబ్లుస్‌కు చెందిన లయన్స్ డెన్ అనే పాలస్తీనా సాయుధ ముఠా మీదా ఆంక్షలు పెట్టారు. ఈ పాయింటు మీద ఇంతకంటే మాటలు ఖర్చుచేయను. ఆ మెసేజ్‌లో స్మోట్రిచ్‌ను రక్షణ మంత్రి అని రాసిన తప్పు మీద అసలే చేయను.

"ట్రంప్ అన్నీ ఎత్తేశాడు, హింసా తగ్గలేదు. కథ ముగిసింది."

ఇందులో సగం తప్పు. ట్రంప్ 2025 జనవరి 20న ఎత్తేసింది అమెరికా ఆంక్షల్ని. బ్రిటన్, యూరప్, కెనడా, ఆస్ట్రేలియా జాబితాలు ఆయన చేతిలో లేవు. ఆ తర్వాత కూడా 2025 మేలో బ్రిటన్ సెటిలర్ ఉద్యమ నాయకురాలు డానియెలా వైస్‌నూ, ఆమె సంస్థ నహాలానూ చేర్చింది. జూన్ 10న బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే కలిసి ఏకంగా ఇద్దరు ఇజ్రాయెల్ మంత్రుల మీద, బెన్ గ్విర్, స్మోట్రిచ్‌ల మీద చర్య తీసుకున్నాయి.

రెండో సగం నిజం. దాన్ని దాచి వాదించను. హింస తగ్గలేదు, పెరిగింది. 2025 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి మానవతా కార్యాలయం 260కి పైగా సెటిలర్ దాడులు నమోదు చేసింది. 2006లో లెక్క మొదలుపెట్టాక అప్పటిదాకా ఏ నెలలోనూ అన్ని లేవు. అమెరికా జాబితా నుంచి పేరు పోయిన యినోన్ లెవీని అదే ఏడాది జులైలో ఉమ్ అల్ ఖైర్‌లో ఔదా హథలీన్ అనే ఉపాధ్యాయుడు తూటా తగిలి చనిపోయిన కేసులో పోలీసులు పట్టుకున్నారు. ఆత్మరక్షణ అన్నాడు. కోర్టు మొదట గృహ నిర్బంధానికి పంపింది, కొద్ది రోజుల్లోనే అదీ ఎత్తేశారు.

ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఆంక్ష అంటే విచారణ లేని శిక్ష. ఆధారాలన్నీ బయటపెట్టరు, పేరు తీయించుకోవడానికి నెలలు పడుతుంది. ఏ ప్రభుత్వం చేతిలోనైనా అది ప్రమాదకరమైన ఆయుధమే.

కానీ ఇవి పనిచేయలేదంటే ఎక్కడ పనిచేయలేదో చూడాలి. ఏడాదిలో ఎక్కువ భాగం కొండ మీద మంద కాసేవాళ్ళ మీదే గురిపెట్టారు. ఆ కొండకు రోడ్డు, కరెంటు, ఇళ్ళు, అప్పులు సమకూర్చే సంస్థ అమానా. దాని మీద అమెరికా ఆంక్ష 2024 నవంబర్ 18న వచ్చి జనవరి 20న పోయింది. అంటే అసలు డబ్బు నడిచే చోట అమెరికా చెయ్యి వేసింది రెండు నెలలు. అక్టోబర్‌లోనే అమానాను జాబితాకెక్కించిన బ్రిటన్‌కు డాలర్ లేదు. యూరప్‌లో కొత్త పేరు చేర్చాలంటే సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి, అక్కడ హంగరీ చాలాకాలం అడ్డుపడింది. మందు సగం రోజులు వాడి రోగం తగ్గలేదనడం ఇదే.

మన దేశం సంగతి కూడా అడుగుతున్నారు. భారత్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి పెట్టిన ఆంక్షలనే అమలు చేస్తుంది. 2024 సెప్టెంబర్ 18న సెటిలర్ల హింసకు కారకులైన వారి మీద ఆస్తుల స్తంభన, ప్రయాణ నిషేధం పెట్టమని కోరిన సర్వసభ్య సభ తీర్మానంపై ఓటింగ్‌కు దూరంగా ఉంది. ఏడాది తిరక్కుండానే స్మోట్రిచ్ ఢిల్లీ వచ్చి పెట్టుబడుల ఒప్పందం మీద సంతకం చేసి వెళ్ళారు. కాబట్టి ఇక్కడ ఉన్నవాళ్ళకు చట్టపరంగా ఏ ఇబ్బందీ లేదు.

లండన్‌లో, మెల్‌బోర్న్‌లో ఉండి ఈ మెసేజ్ పంపుతున్నవాళ్ళకు ఉంది. కింద విరాళాల లింకు ఉందని చెప్పాను కదా. జాబితాలో ఉన్న సంస్థకు నేరుగా గానీ మధ్యవర్తి ద్వారా గానీ డబ్బు అందేలా చేయడం బ్రిటన్‌లో నేరం, గరిష్ఠంగా ఏడేళ్ళ జైలు. జరిమానా వేయడానికైతే మీకు తెలిసే పంపారని రుజువు చేయాల్సిన పని కూడా లేదు. ఆస్ట్రేలియాలో పదేళ్ళ దాకా ఉంది. పంపే ముందు లింకులో కనిపించే పేరు కాదు, డబ్బు చివరికి ఎవరికి చేరుతుందో ఆ సంస్థ రిజిస్టర్డ్ పేరు కనుక్కోండి. దాన్ని మీ దేశపు ఆంక్షల జాబితాలో మారుపేర్లతో, వేర్వేరు స్పెల్లింగులతో వెతకండి. దాన్ని నడిపేవాళ్ళ పేర్లూ వెతకండి, ఎందుకంటే బ్రిటన్‌లోనైతే జాబితాలో ఉన్న మనిషి చేతిలో సగానికి పైగా వాటా ఉన్న సంస్థకు విడిగా పేరు లేకపోయినా ఆంక్ష వర్తిస్తుంది. చందా ఎవరికి చేరుతుందో ఆ పేజీలో రాసి లేకపోతే పంపకండి.