పాచి నీళ్ల పెట్రోలు బంకు

మా అపార్ట్‌మెంట్ వెనక నాలా ఉంది. మొన్న అసోసియేషన్ మీటింగులో ఒకాయన గాజు సీసాలో పచ్చటి నీళ్లు తెచ్చి, దీపపు కుందిలా భక్తిగా బల్ల మీద పెట్టి, "ఇదే రేపటి పెట్రోలు" అన్నారు. చప్పట్లు మోగాయి. వాన పడితే సెల్లార్‌లోకి మురుగు వస్తున్న సంగతి ఎజెండాలో చివరన ఉంది. అక్కడికొచ్చేసరికి టైం అయిపోయింది.

ఈ సీసా మీకూ పాత చుట్టమే. మురుగులో నత్రజని, భాస్వరం పుష్కలం. ఎండ తగిలితే పాచి విరగబడి పెరుగుతుంది. దాని ఒంట్లో నూనె ఉంటుంది. ఇంతవరకూ అంతా నిజమే. చిక్కల్లా సీసాకీ స్కూటర్ ట్యాంకుకీ మధ్య ఉన్న దూరంతోనే.

బాగా పెరిగిన మడుగులో కూడా లీటరుకు అర గ్రాము ఎండు పాచి దొరికితే గొప్ప. అంటే 1,000 లీటర్లకు అర కిలో. అందులో ఐదో వంతు నూనె అనుకుందాం. నా స్కూటర్‌కి 5 లీటర్లు పట్టాలంటే 10,000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు నాలుగున్నర పైనే కావాలి.

ఇక బంకులో చూడండి. "ఫుల్ ట్యాంక్" అంటాను. కుర్రాడు "జీరో చూసుకోండి సార్" అని విజిల్ వేస్తాడు. మొదటి ట్యాంకర్ రివర్స్‌లో వస్తుంది. పాచి కణం కంటికి ఆనదు, గుడ్డలో వడకడితే నిలవదు. అందుకని గిరగిరా తిప్పే యంత్రం పెట్టాలి. దానికో జనరేటర్, జనరేటర్‌కి డీజిల్ (ఆ డీజిల్ ఎక్కడిదని అడక్కండి, ఆయన నొచ్చుకుంటారు). రెండో ట్యాంకర్‌లో పాచి ఉంది, నూనె లేదు. పాచి నూనె కూడబెట్టేది నత్రజని కరువై, కడుపు మాడినప్పుడు. మన మురుగులో దానికి రోజూ పెళ్లి భోజనమే, ఇంక దాచుకోవడం దేనికి? మూడో ట్యాంకర్‌లో అసలు పాచే లేదు, రాత్రి నీటి పురుగులు మేసేశాయి. వెనక ఆటో అన్న హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా ఈ పాచి నూనె మీద దాదాపు 2.5 కోట్ల డాలర్లు పోసి, గిట్టుబాటు కాదని మూసేసింది. చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ 2009లో 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని టముకు వేసి, టీవీలో పచ్చటి ప్రకటనలు చూపించి, 2023లో చేతులు దులుపుకుంది.

పాచికి అసలు పనితనం వేరే ఉంది. పగలంతా అది ఆక్సిజన్ వదిలితే, బాక్టీరియా ఆ ఊపిరితో మురికిని తినేస్తుంది. కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ అనే ఇంజనీరు 1950లలోనే లోతు తక్కువ మడుగులతో ఈ పని మీద కూర్చున్నాడు. మీటింగులో ఇదే చెబితే "మరి రాబడి ఏంటండీ?" అన్నారు.

రాబడా? నీళ్లు శుభ్రమైతే చాలదా? మూసీ ఒడ్డున ముక్కు మూసుకుని అన్నం తినే పిల్లలకి ఏ రాబడి చూపిస్తారు? రక్షణ లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపొద్దని 2013లో చట్టం చేసుకున్నాం. దింపుతూనే ఉన్నాం. ఊపిరాడక చస్తూనే ఉన్నారు. వాళ్ల కోసం ఎవడైనా ఒక్క సీసా పట్టుకొచ్చాడా? పీపా ఎంత పలికితే మన మలం మనం కడుక్కుంటామో ఆ ధర చెప్పండయ్యా!

నిన్న రాత్రి వాన పడింది. పొద్దున సెల్లార్‌లో నా స్కూటర్ సీటు దాకా మురుగులో ఉంది. మెకానిక్ ట్యాంకు మూత తీసి తొంగి చూశాడు.

"ఫుల్లుగా ఉంది సార్" అన్నాడు.