ఏ.ఆర్. కేన్‌ని కాపీ బ్యాండ్ అనేవాళ్ళకి

షూగేజ్ (గిటార్ సౌండ్‌ని ఎఫెక్ట్స్‌తో మబ్బులా పరిచే రాక్) మాటొస్తే చాలు, పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ అన్నట్టు అందరూ ఇదే షేర్ చేస్తున్నారు: "ఏ.ఆర్. కేన్ అంటే 'పంప్ అప్ ద వాల్యూమ్' అనే ఒక్క హిట్టు కొట్టి మాయమైన లండన్ బ్యాండ్, మిగతాదంతా మై బ్లడీ వాలంటైన్ కాపీ, పెడల్స్ తొక్కి చేసిన గోల." ఒక్కటీ నిజం కాదు. (మై బ్లడీ వాలంటైన్ అంటే షూగేజ్‌లో బాగా పేరున్న బ్యాండ్, పెడల్స్ అంటే గిటార్ సౌండ్ మార్చడానికి కాలితో నొక్కే పెట్టెలు.)

ముందు కాపీ సంగతి. కేన్ అంటే అలెక్స్ అయూలీ, రూడీ తంబాలా అనే ఈస్ట్ లండన్ నల్లజాతి కుర్రాళ్ళు, ఫస్ట్ సింగిల్ 1986లో వేశారు, 1987లో 'లొలీటా' ఈపీ (కొన్ని పాటల చిన్న రికార్డు), దాన్ని కాక్టో ట్విన్స్ బ్యాండ్ గిటారిస్ట్ రాబిన్ గత్రీ ప్రొడ్యూస్ చేశాడు. ఆ టైమ్‌కి వాలంటైన్ వాళ్ళు ఇంకా తీయటి గిటార్ పాప్ వాయిస్తున్నారు, 'ఇజన్ట్ ఎనీథింగ్' 1988 చివర్లో గానీ రాలేదు, 'లవ్‌లెస్' అయితే 1991. కేన్ వాళ్ళ '69' ఆల్బమ్ కూడా 1988లోదే, కానీ ముందే వచ్చేసింది. ఇంకా రాని రికార్డుని ఎలా కాపీ కొడతారో చెప్పేవాళ్ళుంటే చెప్పండి. (వాలంటైన్ అంటే నాకూ పిచ్చే, అది వేరే గొడవ.)

ఇక ఆ హిట్టు. 1987లో కలర్‌బాక్స్ అనే ఇంకో బ్యాండ్‌తో కలిసి మార్స్ పేరుతో వేస్తే బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన ఆ పాట దాదాపు మొత్తం కలర్‌బాక్స్ వాళ్ళ పని, కేన్ వాళ్ళది అందులో కాస్త గిటార్, అంతే. వాళ్ళ అసలు పాట అదే రికార్డు రెండో వైపున్న 'అనిటీనా', అదెవరూ వినరు. పైగా రెండు బ్యాండ్లకీ పడలేదు కూడా.

గోల అనేవాళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని '69'లో 'బేబీ మిల్క్ స్నాచర్' ఒక్కటి వినండి. బేస్ గిటార్ డబ్‌లోలా (ప్రతిధ్వనులూ ఖాళీలూ నింపిన జమైకా రెగే) నింపాదిగా నడుస్తుంటుంది, మధ్యలో బోలెడంత ఖాళీ, ఆ ఖాళీలోకి గిటార్ ఫీడ్‌బ్యాక్ (ఆంప్లిఫయర్ దగ్గర గిటార్ పెడితే వచ్చే కూత) ఉబ్బుకొచ్చి మళ్ళీ తగ్గిపోతుంది, గొంతేమో నిద్రమత్తులో ఉన్నట్టు. వాలంటైన్ సౌండ్ గోడ కట్టేస్తే వీళ్ళు గోడలు పడగొట్టారు, తేడా అక్కడే ఉంది. జాజ్ ట్రంపెటర్ మైల్స్ డేవిస్‌నీ డబ్‌నీ విన్న చెవులవి మరి. 'ద సన్ ఫాల్స్ ఇన్‌టు ద సీ'లో అయితే డ్రమ్సే లేవు, గొంతు రివర్బ్‌లో (ప్రతిధ్వనిలో) తేలుతుంటుంది, ఇందులో గోల ఎక్కడుందో నాకైతే దొరకలేదు. 'డిజ్జీ'లో అరుపులున్నాయి, ఒప్పుకుంటా, కానీ అవి మెత్తటి పాట వెనకాల పెట్టిన అరుపులు, అందుకే భయమేస్తుంది.

మాయమయ్యారు అన్నది ఇంకా విచిత్రం. 1989లో 26 ట్రాకుల డబుల్ ఆల్బమ్ 'ఐ' వేశారు, అందులోని 'ఎ లవ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్' పేరునే డీజే ఆండ్రూ వెదరాల్ 2010లో తన క్లబ్ నైట్‌కి పెట్టుకున్నాడు. 1994లో 'న్యూ క్లియర్ చైల్డ్' కూడా వచ్చింది, అది మాత్రం చప్పగా ఉంటుంది, దాన్ని ఎంత తిట్టినా నేను అడ్డు రాను.